మూడుసార్లు జారవిడిచి చూడగా

పోలీసు ఆయుధాగారంలో ముప్పై రెండేళ్ళుగా తుపాకులు బాగుచేస్తున్న ఆ మనిషిని అందరూ మేస్త్రి గారనే పిలిచేవారు. చూడ్డానికి ఆయుధాల మధ్య బతికే మనిషిలా ఉండేవాడు కాదు. బక్కపలచటి ఒళ్ళు, కొద్దిగా వంగిన వీపు, అస్తమానం ముక్కు మీదికి జారే కళ్ళజోడు. బడిలో లెక్కలు చెప్పే పంతులనుకునేవారు కొత్తవాళ్ళు. ఎక్కడ ఏది కిర్రుమన్నా ఆయన చెయ్యి జేబులో నూనెబుడ్డి మీదికి పోయేది. "ఈయన ఎదురుగా గట్టిగా ఆవలించకండి, దవడకి నూనె పెట్టేస్తాడు" అని భార్య చుట్టాల్ని నవ్వించేది.

రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలుందనగా పైనుంచి ఉత్తర్వు దిగింది. పొట్టిదని పిలిచే పాత పిస్టల్ని పూర్తిగా వాడకం నుంచి తీసేస్తున్నారు. స్టేషన్లలోనూ కాపలా గదుల్లోనూ ఉన్నవన్నీ వెనక్కి రప్పించి, విప్పి, మూడేసి ముక్కలుగా కోసి, కరిగించడానికి పంపెయ్యాలి.

కాగితాల మీద ఆ పిస్టల్‌కి ఒక పొడుగాటి నెంబరుండేది. దాన్ని పలికే ఓపిక ఎవరికీ లేక, బ్యారెల్ పొట్టిగా ఉంటుంది కాబట్టి పొట్టిదన్నారు. అదే ఖాయమైపోయింది. దాని పుట్టుపూర్వోత్తరాలు మేస్త్రికి కంఠతా వచ్చు. దాన్ని గీసిన మనిషి అంతకుముందు కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. అందుకే కాబోలు దానిలో దుబారా కనిపించదు. పిడికి అటూ ఇటూ చెక్కల్ని పట్టి ఉంచే మరలు తప్ప ఇంకెక్కడా మరన్నది లేదు. పక్కనున్న చిన్న మీట తిప్పి స్లైడుని ముందుకు లాగితే బ్యారెలూ స్ప్రింగూ చేతిలోకి వచ్చేస్తాయి. మేగజీన్లో ఎనిమిది తూటాలు. ఒకటి పేలితే ఆ ఊపుకి స్లైడు వెనక్కి వెళ్ళి ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది, సుత్తిని వెనక్కి వంచి నిలబెడుతుంది, తిరిగి ముందుకొస్తూ కొత్త తూటాని లోపలికి తోస్తుంది. మనిషి చెయ్యాల్సిందల్లా ట్రిగ్గర్ నొక్కడమే.

పద్దెనిమిదేళ్ళు తయారై, ఇరవయ్యేళ్ళ కిందట ఆగిపోయింది. ఎక్కువ తూటాలు పట్టే కొత్త రకాలొచ్చాయి. ఫ్యాక్టరీ మూతబడింది. విడిభాగాలు దొరకడం మానేశాయి. అప్పటినుంచీ మేస్త్రి చచ్చినవాటి భాగాలు ఊడదీసి బతికున్నవాటికి తొడుగుతూ లాక్కొచ్చాడు. ఇప్పుడు రోజుకి పదేసి చొప్పున వాటిని విప్పి, కోత మిషను కింద పెడుతున్నాడు. రంపం దిగినప్పుడల్లా పళ్ళు గిట్టకరుచుకునేవాడు.

పిస్టళ్ళతోపాటు వాటి పాత పుస్తకాలు కూడా అప్పజెప్పమన్నారు. ఒక ఉదయం బీరువా అడుగు అర ఖాళీ చేస్తుంటే, దుమ్ము కొట్టుకుపోయిన నీలం అట్ట పుస్తకమొకటి బయటపడింది. పొట్టిదాని మొదటి ముద్రణ. మేస్త్రి ఉద్యోగంలో చేరిన నాటినుంచీ వాడింది రెండో ముద్రణే. సరదాగా తిరగేశాడు. భాగాలన్నీ విడదీసి వరసగా పరిచినట్టు గీసిన బొమ్మ దగ్గర ఆగాడు. పొట్టిదానికి నలభై ఒక్క భాగాలని ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఈ బొమ్మలో నలభై రెండున్నాయి.

ఎక్కువున్నది గోరంత బిళ్ళ. పక్కన బాణం గీసి "పిన్ను అడ్డు" అని రాశారు.

కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. స్లైడు లోపల అగ్గిపుల్ల పొడుగున ఒక ఉక్కు పుల్ల ఉంటుంది. అదే ఫైరింగ్ పిన్ను. సుత్తి వెనకనుంచి కొడితే అది ముందుకు దూకి తూటా అడుగున ఉన్న క్యాపుని పొడుస్తుంది. మిగతా వేళల్లో ఒక సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుని ఉంచుతుంది. సేఫ్టీ వేశామంటే సుత్తి కదలదు గాని, పిన్నుకి ఆ సేఫ్టీతో సంబంధం లేదు. గీసినాయన ఆ సంగతి కనిపెట్టే ఈ బిళ్ళ పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితేనే బిళ్ళ పక్కకి తొలుగుతుంది. నొక్కనంతసేపూ పిన్ను వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

రెండో ముద్రణ నాటికి బిళ్ళ మాయం. పిస్టళ్ళు బయటికి రాకముందే, తయారీ సులువవుతుందని ఎవరో తీసేసి ఉంటారు; తన చేతిలో పడ్డ ఏ పొట్టిదానిలోనూ అది లేదు.

మేస్త్రి లేచి, కోతకి సిద్ధంగా ఉన్నవాటిలోంచి ఒక పాత నెంబరుదీ ఒక కొత్త నెంబరుదీ తీసి, పిన్నులు బయటికి లాగి, తుపాకిమందు తూచే చిన్న త్రాసులో పెట్టాడు. మొదట్లో వచ్చిన పిన్నులు సన్నంగా ఉండి విరిగిపోతున్నాయని తర్వాత లావు చేశారన్నది ఆయనకి తెలుసు. ఎంత లావు చేశారో మాత్రం ఎన్నడూ తూచలేదు. కొత్తది పాతదానికి ఒకటిన్నర రెట్లు తూగింది. స్ప్రింగు మాత్రం అదే. అంత బరువు పిన్నుని ఆ బక్క స్ప్రింగు ఆపాలి. పిస్టల్ మూతి కిందుగా రాతి మీద పడితే, స్లైడు ఆగిపోతుంది, పిన్ను ఆగదు.

ఆయన పిన్నుల్ని త్రాసులోనే వదిలేసి స్టూలు మీద కూర్చున్నాడు.

పదకొండేళ్ళ కిందట ఒక కాపలా గదిలో పొట్టిది పేలి ఒక హెడ్ కానిస్టేబుల్ చనిపోయాడు. పిస్టల్ అతని బావమరిదిది. ఇద్దరిదీ ఒకే స్టేషను. కుర్రాడికి ఆ ఉద్యోగం కోసం ఫారాలు నింపించిందీ, పరుగు నేర్పించిందీ ఆ బావే. ఆరోజు పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు బూటు ముడి బిగించుకోడానికి వంగానని, ఒరలోంచి పిస్టల్ జారి నేలన పడి పేలిందని, తాను దాన్ని ముట్టుకోనేలేదని ఆ కుర్రాడు మొత్తుకున్నాడు. తూటా నేలరాయికి తగిలి ఎగిరి, ఎదురు బల్ల మీద కూర్చున్న బావ కడుపులో దిగింది. ఎవరూ నమ్మలేదు. పిస్టల్ వేలికి తగిలించి గిరగిరా తిప్పే అలవాటు అతనికుందని తోటివాళ్ళే సాక్ష్యం చెప్పారు.

ఆ విచారణలో పిస్టల్‌ని పరీక్షించింది మేస్త్రి. మూడుసార్లు జారవిడిచి చూడగా పేలలేదని, ఆయుధం సక్రమంగా ఉందని రాసి సంతకం పెట్టాడు. రాసిందంతా నిజమే. రాయనిది ఒకటుంది. తన చేతికొచ్చినప్పుడు ఆ పిస్టల్లో తూటా కూర్చునే చాంబర్లో ఖాళీ తొడుగు ఇంకా ఇరుక్కునే ఉంది. గట్టిగా పట్టుకున్న చేతిలో పేలితే స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్ళి తొడుగుని విసిరేస్తుంది. పట్టు లేకుండా పేలితేనే అలా ఇరుక్కుంటుంది. అది చూసి మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించాడు. "యంత్రం బాగుందా లేదా? అవునో కాదో చెప్పవయ్యా" అని అప్పటి అధికారి గదమాయించాడు. బాగుందన్నాడు. కుర్రాడి కానిస్టేబుల్ ఉద్యోగం ఊడింది. మూడేళ్ళు జైల్లో ఉన్నాడు.

పాత పుస్తకం దొరికాక నాలుగు రోజులు మేస్త్రి కోత పని పక్కన పెట్టాడు. మందూ గుండూ లేని తొడుగుకి క్యాపు మాత్రం తొడిగి, ఒక కొత్త నెంబరు పిస్టల్ చాంబర్లో పెట్టి, సుత్తి వంచి, సేఫ్టీ వేసి, నిలువునా బిగించిన గొట్టంలోంచి కింద ఉన్న బండరాయి మీదికి మూతి కిందుగా వదిలాడు. నూరుసార్లు వదిలితే ఐదుసార్లు క్యాపు టప్పుమంది. ఆ ఐదింటి మీదా పిన్ను గుర్తు లోతు తక్కువగా, సూదితో తాకినట్టు పడింది.

ఐదో రోజు వెనక్కొచ్చిన పిస్టళ్ళ పెట్టె విప్పితే అదే నెంబరు కనిపించింది. పదకొండేళ్ళ కిందటి పిస్టలే, లావు పిన్నుది. విచారణ అయ్యాక శుభ్రం చేసి మళ్ళీ వాడకానికి ఇచ్చేశారు. ఇన్నాళ్ళూ ఎవరెవరో దాన్ని నడుముకి కట్టుకు తిరిగారు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ చేతిలో పని వదిలేసి కూర్చుంది.

"ఏడు నెలలు నోరు మూసుకుంటే పరువుగా బయటపడతారు. అది నేను చెప్పక్కర్లేదు" అంది.

"ఊఁ."

"మూసుకోగలరా?"

"పదకొండేళ్ళు మూసుకునే ఉన్నానుగా."

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంది. "అయితే వెళ్ళండి. ముందు ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళండి, తర్వాతే ఆఫీసుకి. మీ ఆఫీసు ముందు తెలుసుకుంటే అతనికి చేరనివ్వదు."

ఆ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటాయి. బస్సులు తిరిగే వీధి మలుపులో తాళాల కొట్టు పెట్టుకున్నాడు. గోడంతా తాళంచెవులు వేలాడుతున్నాయి. మేస్త్రిని చూడగానే గుర్తుపట్టాడు. లేవలేదు.

"ఏ తాళం పోయింది మేస్త్రి గారూ?" అన్నాడు, నవ్వో వెక్కిరింతో తెలియకుండా.

మేస్త్రి చెప్పాడు. ఇరుక్కున్న తొడుగు సంగతితో మొదలుపెట్టి బిళ్ళ దాకా, పిన్ను బరువు దాకా, నూటికి ఐదు దాకా. తాళాలు, స్ప్రింగులతో పొద్దంతా గడిపేవాడు కాబట్టి రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. అతను ఆకురాయితో ఒక తాళంచెవిని రాస్తూనే ఉన్నాడు, చెవి పళ్ళు మొత్తం అరిగిపోయే దాకా.

"నేనేమనుకున్నానో తెలుసా?" అన్నాడు చివరికి. "మొదట్లో ముట్టుకోలేదని గట్టిగా తెలుసు. ఏడాది, రెండేళ్ళు. అందరూ ఒకే మాటంటుంటే తర్వాత్తర్వాత... ఏమో, ట్రిగ్గర్ మీద వేలుందేమో, నాకే గుర్తులేదేమో అనుకున్నా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నా వేలు దాని మీద కనిపిస్తుందండీ. లేని వేలు!"

మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. "నన్ను ఏమన్నా అనవయ్యా. తిట్టు."

"మిమ్మల్ని తిట్టి ఏం చేసుకోను? నాకు చెప్పారు, బాగుంది. మా అక్కకి చెప్పండి. పదకొండేళ్ళయింది, అక్క నాతో మాట్లాడి. నేను వీధిలో ఎదురైతే అటు పక్కకి దాటేస్తుంది."

అక్క ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తోంది. ఆవిరికి గోడలు చెమర్చిన పొడుగాటి హాలు. ఉతికిన దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. మేస్త్రి ఫలానా అని చెప్పుకున్నాడు. ఆవిడ ఆశ్చర్యం చూపించలేదు, కుర్చీ చూపించలేదు. ఒక దుప్పటి దులిపి, "ఆ కొస పట్టుకోండి" అంది.

దుప్పట్లు మడతపెడుతూనే చెప్పాడు. ఒక్కో మడతకీ దగ్గరికొచ్చి కొసలు ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. పదో పన్నెండో దుప్పట్లయ్యాయి.

"తొడుగు ఇరుక్కుని ఉండడం మీరు ఆ రోజే చూశారా అన్నయ్య గారూ?"

"చూశానమ్మా."

"అంటే ఏమిటో ఆ రోజే తెలుసా?"

"సగం తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నన్ను ఎవరూ అడగలేదు..." అని ఆగాడు. "కాదు. అడగలేదన్నది సాకమ్మా. భయపడ్డాను. ఆ పిస్టల్ని నేనే తనిఖీ చేసి ఇచ్చాను. అది తప్పంటే నా తప్పవుతుందని భయపడ్డాను."

ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. "నా మొగుడు ఎలాగూ పోయాడు, అది మీ చేతుల్లో లేదు. కానీ నా తమ్ముణ్ణి మీరు తీసుకుపోయారు. వాడు జైల్లో ఉంటే ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్ళలేదు నేను. మా అమ్మ పోయినప్పుడు వాణ్ణి గుమ్మంలోకి రానివ్వలేదు. ఇవన్నీ ఎవరు మడతపెడతారు?"

ఆవిడ దుప్పటి లాక్కుని తనొక్కతే మడిచింది. "నా కళ్ళతో చూస్తే గాని నమ్మను" అంది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు ఒక మహిళ. మాట తక్కువ మనిషి. మేస్త్రి రాసిచ్చిన పద్నాలుగు పేజీలూ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే చదివింది.

"ఇది పైకి పంపితే మొదట పడేది మీరే. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"కోత ఆపించండి. మిగిలినవాటికి సీలు వేయిస్తాను. పరీక్ష అందరి ముందూ జరగాలి."

పై నుంచి ఇద్దరు నిపుణులు రావడానికి అయిదు వారాలు పట్టింది. ఆయుధాగారం వెనక రేకుల షెడ్డులో, ఎండ బాగా వచ్చాక పరీక్ష పెట్టారు. అక్క తలుపు దగ్గర నిలబడింది. తమ్ముడు అవతలి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. మేస్త్రి అదే పిస్టల్ని తీసి, నెంబరు అందరికీ చూపించి, క్యాపు తొడిగిన తొడుగు లోపల పెట్టి, సుత్తి వంచి, సేఫ్టీ వేసి, గొట్టంలోంచి బండరాయి మీదికి వదిలాడు.

ఏమీ కాలేదు. రెండోసారి ఏమీ కాలేదు. మూడోసారీ అంతే.

"ఆ రోజు నేను ఇక్కడితో ఆపేశాను" అన్నాడు మేస్త్రి, ఎవరినీ ఉద్దేశించకుండా.

నాలుగు, ఐదు, పది. ఇనుము రాతిని కొట్టే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నిపుణుల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. పదిహేను దాటాక మేస్త్రి ప్రతిసారీ గొట్టాన్ని మళ్ళీ సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి సూపరింటెండెంటు, "కాసేపు ఆగండి, మంచినీళ్ళు తాగండి" అంది. ఆయన తాగలేదు. పద్దెనిమిది.

పంతొమ్మిదోసారి టప్పుమంది.

పెద్ద చప్పుడేం కాదు. పిల్లలు కాగితం సంచి ఊది పగలగొడితే అంతకంటే పెద్దగా వినిపిస్తుంది. గొట్టం అడుగునుంచి పలచటి పొగ లేచింది. పిస్టల్ని ఎవరూ ముట్టుకోలేదు. సుత్తి వంచింది వంచినట్టే ఉంది. సేఫ్టీ వేసింది వేసినట్టే ఉంది. నిపుణుడు వంగి అది చూసి, రెండోవాణ్ణి కూడా పిలిచి చూపించాడు.

గోడ దగ్గర తమ్ముడు అలాగే కిందికి జారి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి గాని గొంతు బయటికి రాలేదు. అక్క తలుపు దగ్గరనుంచి నడుచుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. అందరూ ఆవిడ అతన్ని దగ్గరికి తీసుకుంటుందనుకున్నారు.

"ఒర గుండీ పెట్టావా ఆ రోజు?" అని అడిగింది.

అతను తలెత్తాడు. అవునంటే ఎవరూ కాదనలేరు. గుండీ చూసినవాళ్ళెవరూ లేరు.

"పెట్టలేదు అక్కా. తీసి ఉంది. పెట్టాల్సింది."

"సరే" అని మాత్రం అని, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలవే.

నాలుగు నెలలకి తీర్పు మారింది. ఆయుధంతో ఆటలాడి మరణానికి కారకుడయ్యాడన్న మాట కొట్టేశారు. ఒర గుండీ పెట్టలేదన్న చిన్న తప్పు మాత్రం ఉంచారు. ఉద్యోగం తిరిగి ఇస్తామంటే అతను వద్దన్నాడు. నడుముకి బరువు కట్టుకుని తిరగలేనన్నాడు. సీలు వేసిన పొట్టివాటినీ, ఇతర ఊళ్ళలో ఉన్నవాటినీ ఎక్కడివక్కడే కోసెయ్యమని ఉత్తర్వులు వెళ్ళాయి. వాస్తవం దాచాడని మేస్త్రి సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారు. వీడ్కోలు సభ జరగలేదు. ఆఖరి రోజు సాయంత్రం గుమాస్తా ఒక్కడే గేటు దాకా వచ్చి చెయ్యి కలిపాడు.

రిటైరైన నెలన్నరకి తాళాలాయన మేస్త్రి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మేస్త్రి భార్య టీ ఇచ్చి పక్కనే కూర్చుంది.

"అక్క వచ్చిందండీ కొట్టుకి, మొన్న ఆదివారం. స్టూలు మీద కూర్చుంది. రెండు తాళాలు బాగుచేశాను. అప్పుడు, ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో మొత్తం చెప్పమంది. కోర్టులో చెప్పినట్టు కాదు, బావ ఎలా ఉన్నాడో చెప్పమంది."

"చెప్పావా?"

"చెప్పాను. బావ ఆ పొద్దున్న నీలం స్వెట్టరు వేసుకున్నాడని చెప్తే కాదంది. గోధుమరంగుదట, తనే అల్లిందట. అక్కడ మాకు గొడవైంది. గట్టిగానే. పక్క కొట్టువాడు తొంగి చూశాడు." అతను నవ్వబోయి ఆగాడు. "పేలడానికి ముందు బావ ఏమన్నాడని అడిగింది. ఎవరూ ఇన్నాళ్ళూ అడగలేదండీ ఆ సంగతి. నా బూట్లు చూసి, ఆ లేసులు మార్చరా, అవి తెగితే పడతావు అన్నాడు. అదే ఆఖరి మాట."

మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"విని ఏమంది అక్క?" అని మేస్త్రి భార్య అడిగింది.

"ఏమీ అనలేదమ్మా. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వచ్చే ఆదివారం తన డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుందని చెప్పి వెళ్ళింది."

అతను గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

"మిమ్మల్ని క్షమించానని చెప్పడానికి రాలేదు మేస్త్రి గారూ. అది ఇంకా నా వల్ల కావట్లేదు. అక్క వచ్చిందని మీకు చెప్పాలనిపించింది, అంతే."

"అది చాలయ్యా" అన్నాడు మేస్త్రి. అతను మెట్లు దిగి బస్సు ఆగే వైపు నడిచిపోయేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాడు.